ఇంజన్‌కూ ఓ నీరడి!

సిరికొండ దారిలో గుట్ట ఎక్కే పాత జీపుకీ, షార్జా రోడ్లమీద గర్జించే వి8 కారుకీ ఓ చుట్టరికం ఉంది. రెండింటి బలమూ బలహీనతా ఒకే ఇనుప కడ్డీ చేతిలో ఉన్నాయి. దాని పేరే క్యామ్‌షాఫ్ట్. నిజామాబాద్ మెకానిక్ షెడ్ల నుంచి బోధన్ చెరకు తోటల దాకా ఆ కడ్డీ చెప్పే కథ ఇది.

నిజామాబాద్‌లో బయల్దేరిన బస్సు డిచ్‌పల్లి చేరేసరికి గుట్టమీద రామాలయం కనిపిస్తుంది. అక్కడ హైవేను దాటి ధర్పల్లి వైపు తిరిగితే రోడ్డు తీరే మారిపోతుంది. ఓ పక్క వరి, మరో పక్క మొక్కజొన్న. సంక్రాంతి దాటాక వస్తే పసుపు ఉడకబెడుతున్న వాసన కిటికీలోంచి లోపలికొచ్చి పలకరిస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే పొలాలకు వెనక గుట్టలూ అడవీ... అదే సిరికొండ.

పేరులో కొండ ఉన్న ఊరికి వెళ్లే బండికి ఎక్కే ఓపిక ఉండాలి కదా! అందుకే ఈ దారిలో బండిని మెచ్చుకోవాలంటే ‘ఎంత స్పీడు పోతది?’ అని అడిగేవాళ్లు తక్కువ. ‘పుల్లింగ్ ఎట్లుంది?’ అన్నదే మొదటి ప్రశ్న. పసుపు బస్తాలతోనో, పెళ్లి జనంతోనో నిండిన జీపు గుట్ట మొదట్లో రెండో గేరులో పడి, గుండె నిబ్బరంగా ఎక్కుతోందా లేదా అన్నదే లెక్క. ఎక్కలేకపోతే మర్నాడు పొద్దున్నే మెకానిక్ షెడ్డు ముందు పంచాయతీ.

‘పుల్లింగ్ లేదు ఉస్తాద్! గుట్ట ఎక్కుతలేదు. జర చూడుండ్రి.’

ఉస్తాద్ మాట్లాడడు. బానెట్ ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటాడు. డాక్టరు స్టెతస్కోపులా అన్నమాట. కాసేపు విని ‘టాపెట్లు కొట్టుకుంటున్నయ్’ అనో, ‘క్యామ్ అరిగింది’ అనో తేల్చేస్తాడు. కార్బొరేటర్ జోలికి పోయి, స్పార్క్ ప్లగ్గులు మార్చి, పెట్రోల్‌లో కల్తీ ఉందేమోనని అనుమానించి అలసిపోయిన యజమాని అప్పుడు అడుగుతాడు... ‘అసలు ఆ క్యామ్ ఏం చేస్తది ఉస్తాద్?’ అని.

తూము ఎప్పుడు తీయాలి?

ఆ ప్రశ్నకు జవాబు షెడ్డులో కన్నా చెరువు కట్టమీద తేలిగ్గా దొరుకుతుంది. తెలంగాణ పల్లెల్లో చెరువు నీళ్లకు నీరడి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలి, ఎంత ఎత్తు లేపాలి, ఎంతసేపు ఉంచాలి, ఎప్పుడు దించాలి... ఇవన్నీ అతని చేతిలోని పనులు. చెరువు అదే, కాలవ అదే, పొలమూ అదే. అయినా నీరడి పనితనాన్ని బట్టి పంట పండేది, ఎండేది.

ఇంజన్‌లో వాల్వులే తూములు. ఒకటి పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమాన్ని సిలిండర్లోకి రానిస్తుంది. ఇంకొకటి కాలిన పొగను బయటికి పంపిస్తుంది. ఆ తూముల్ని తీసేదీ మూసేదీ క్యామ్‌షాఫ్ట్. పొడుగాటి ఇనుప కడ్డీ, దానిమీద అక్కడక్కడా కోడిగుడ్డు ఆకారంలో ముక్కు పొడుచుకొచ్చిన చక్రాలు. వాటిని లోబ్‌లు అంటారు. కడ్డీ తిరుగుతుంటే లోబ్ ముక్కు పైకొచ్చి టాపెట్‌ను నెడుతుంది. టాపెట్ పుష్‌రాడ్‌ను, పుష్‌రాడ్ రాకర్‌ను, రాకర్ వాల్వును... అలా తోపు అందుకుంటూ వాల్వు తెరుచుకుంటుంది. ముక్కు దాటిపోగానే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది.

పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం. ఈ నాలుగు పనులు పూర్తయ్యేసరికి క్రాంక్‌షాఫ్ట్ రెండుసార్లు తిరుగుతుంది. క్యామ్‌షాఫ్ట్ ఒక్కసారే తిరుగుతుంది. ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే క్యామ్ 3,000 చుట్లు. అంటే ఒక్కో వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. ఏ నీరడికీ అంత హడావుడి ఉండదు!

క్యామ్ చేసే నిర్ణయాలు ముఖ్యంగా నాలుగు. వాల్వు ఎంత లేవాలన్నది ‘లిఫ్ట్’. ఎంతసేపు తెరిచి ఉండాలన్నది ‘డ్యూరేషన్’. ఎప్పుడు తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలన్నది ‘టైమింగ్’. లోపలికొచ్చే తూమూ బయటికెళ్లే తూమూ రెండూ కాసేపు కలిసి తెరుచుకుని ఉండటం ‘ఓవర్‌ల్యాప్’. ఈ నాలుగూ ఆ గుడ్డు ఆకారంలోనే రాసిపెట్టి ఉంటాయి. ఒకసారి సాన పట్టాక ఇంజన్ బతుకంతా అదే తలరాత.

జాతర బస్సు లెక్క

తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచితే ఎక్కువ గాలి వస్తుంది, ఎక్కువ బలం వస్తుంది... అని ఎవరికైనా అనిపిస్తుంది. సగం నిజం. మిగతా సగం తెలియాలంటే భీమ్‌గల్ లింబాద్రి గుట్ట జాతర రోజు బస్సును తలచుకోవాలి.

జాతర రోజు బస్సు ఆగగానే జనం తోసుకొస్తారు. ‘రైట్ రైట్’ అన్నాక కూడా తలుపు తెరిచి ఉంటే ఆ ఊపులో ఇంకో పదిమంది ఎక్కేస్తారు. ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు గాలి కూడా అంతే. దూసుకొచ్చే గాలికి ఊపు ఉంటుంది. పిస్టన్ కిందికి దిగి మళ్లీ పైకి లేవడం మొదలుపెట్టినా, తలుపు తెరిచి ఉంటే ఆ ఊపుతో ఇంకాస్త గాలి లోపలికి కుక్కుకుంటుంది.

మామూలు రోజు సంగతి వేరు. నలుగురే ఎక్కుతారు. తలుపు అంతసేపు తెరిచే ఉంచితే ఆ నలుగుర్లో ఇద్దరు ‘చాయ్ తాగొస్తం’ అని దిగిపోతారు. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. గాలికి ఊపు లేదు. తలుపు మూసుకోలేదు. పైకి లేస్తున్న పిస్టన్ అప్పుడే వచ్చిన మిశ్రమాన్ని కొంత వెనక్కి నెట్టేస్తుంది. సిలిండర్ నిండదు. పుల్లింగ్ పోతుంది.

అంటే తలుపు ఆలస్యంగా మూసే క్యామ్ పరుగుకు మంచిది, ఎక్కుడుకు చెడ్డది. తొందరగా మూసే క్యామ్ ఎక్కుడుకు మంచిది, పరుగులో ఊపిరందదు. పాత ఇంజన్లలో రెండూ కలిపి ఇచ్చే క్యామ్ లేదు. ఒకచోట పెట్టాలంటే ఇంకోచోట తీయాల్సిందే.

షార్జాలో వినిపించిన గర్జన

ఈ సంగతి సిరికొండ పరిసరాల్లో కొందరికి వి8 కార్ల దగ్గరే తెలిసింది. వి8 అంటే నిజామాబాద్‌లో కాదు, గల్ఫ్‌లో!

ఉమ్మడి నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి దశాబ్దాలుగా జనం దుబాయ్, షార్జా, సౌదీ, కువైట్ బాట పట్టారు. కూలికి పోయినవాళ్లు ఎక్కువ. చేతిలో పానా పట్టుకునే విద్య ఉన్నవాళ్లు షార్జా ఇండస్ట్రియల్ ఏరియా, దుబాయ్‌లోని అల్ కూజ్ వంటి చోట్ల గ్యారేజీల్లో కుదురుకున్నారు. అంబాసిడర్ నాలుగు సిలిండర్ల ఇంజన్ విప్పిన చేతులు, అక్కడ మొదటిసారి ఎనిమిది సిలిండర్ల దాన్ని చూశాయి. 1980, 90ల్లో గల్ఫ్ రోడ్లమీద షెవర్లే కాప్రిస్‌లూ, జీఎంసీ సబర్బన్‌లూ ఎక్కువ. పెట్రోలు చవక, రోడ్లు తిన్నన. పెద్ద ఇంజన్లకు అంతకన్నా ఏం కావాలి?

‘వి’ ఆకారంలో అటు నాలుగు, ఇటు నాలుగు సిలిండర్లు. రెండు వరసల మధ్య లోయలో, క్రాంక్‌కు పైన ఒకే ఒక క్యామ్‌షాఫ్ట్. దానిమీద 16 లోబ్‌లు. అవి 16 పుష్‌రాడ్‌లను నెట్టి 16 వాల్వుల్ని ఆడిస్తాయి. తీరా చూస్తే అంబాసిడర్‌లో ఉన్న టాపెట్, పుష్‌రాడ్, రాకర్‌ల సంసారమే! సైజు పెరిగింది, సంఖ్య పెరిగింది, పద్ధతి అదే. నిజామాబాద్‌లో ఫిల్లర్ గేజ్‌తో టాపెట్లు సెట్ చేయడం నేర్చిన కుర్రాడికి షార్జాలో కొత్త భాష నేర్చుకోవాల్సి వచ్చింది కానీ కొత్త విద్య అక్కర్లేకపోయింది.

కొత్తగా అనిపించింది చప్పుడు. రేసుల పిచ్చి ఉన్న యజమానులు పాత వి8లలో ‘పెద్ద క్యామ్’ వేయించుకునేవారు. అలాంటి కారు సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ ఒకే శృతిలో ఉండదు. ‘గుబ్... గుబ్‌గుబ్... గుబ్’ అంటూ తడబడుతుంది. కారు మొత్తం ఊగుతుంది. వినేవాళ్లకు పులి గుర్రుమంటున్నట్టు ఉంటుంది. నిజానికి ఆ గుర్రు వెనక ఉన్నది ఇంజన్ ఇబ్బంది. ఓవర్‌ల్యాప్ ఎక్కువ కావడంతో, నెమ్మదిగా తిరిగేటప్పుడు కాలిన పొగ కొంత వెనక్కొచ్చి కొత్త మిశ్రమంలో కలుస్తుంది. ఒకసారి సరిగ్గా మండుతుంది, ఇంకోసారి మండీ మండనట్టు మండుతుంది. అదే ఆ తడబాటు. వేగం అందుకున్నాక మాత్రం ఆ ఓవర్‌ల్యాపే వరం. బయటికి దూసుకెళ్లే పొగ తన వెనకాల కొత్త మిశ్రమాన్ని లాక్కుంటుంది.

మన కుర్రాళ్లు బుల్లెట్‌కు సైలెన్సర్ మార్చి తెచ్చే చప్పుడుకూ దీనికీ ఇదే తేడా. అక్కడ మారింది గొంతు మాత్రమే. ఇక్కడ మారింది ఊపిరి.

ఆ ఊపిరి మారడం వల్ల ఇంకో చిక్కు కూడా వచ్చిపడుతుంది. బ్రేకులకు సాయపడే బూస్టర్, ఇంజన్ గాలి పీల్చేటప్పుడు పుట్టే వ్యాక్యూమ్ మీద ఆధారపడి పనిచేస్తుంది. పెద్ద క్యామ్ వేస్తే ఐడిల్‌లో వ్యాక్యూమ్ పడిపోతుంది. బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. ఆటోమేటిక్ గేరు పెట్టగానే ఇంజన్ ఆగిపోవచ్చు. పెట్రోలు ఖర్చు సరేసరి. ఇల్లాలూ పిల్లలూ ఎక్కే బండికి రేసు క్యామ్ వేయించుకున్న యజమాని, కొన్నాళ్లకే పాత క్యామ్ వెతుక్కుంటూ మళ్లీ గ్యారేజీకి వస్తే ఆశ్చర్యమేముంది?

ఒకే ఇంజన్, రెండు తలరాతలు

వి8ను సామాన్యుడి దగ్గరికి తెచ్చింది ఫోర్డ్. 1932లో వచ్చిన ఆ ఇంజన్ 221 ఘనపుటంగుళాలు, 65 హార్స్ పవర్. వాల్వులు సిలిండర్ల పక్కనే ఉండేవి. తర్వాత 1955లో షెవర్లే కొత్త వి8 తెచ్చింది. వాల్వులు తలమీదికి ఎక్కాయి. క్యామ్ లోయలోనే ఉండిపోయింది. ‘స్మాల్ బ్లాక్’ అని పేరుపడ్డ ఆ వంశపు ఇంజన్లే తర్వాత దశాబ్దాలపాటు అమెరికాలోనూ, గల్ఫ్‌లోనూ తిరిగాయి.

ఆ ఇంజన్‌కు కొత్త తలరాత రాసింది జోరా ఆర్కస్-డంటోవ్ అనే ఇంజనీరు. బెల్జియంలో పుట్టిన రష్యన్ కుటుంబీకుడు. షెవర్లే కార్వెట్ కోసం వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ తయారుచేశారు. 1956 ఆరంభంలో డేటోనా సముద్ర తీరంలో ఆ క్యామ్ ఉన్న కార్వెట్‌ను స్వయంగా నడిపి గంటకు 150 మైళ్ల వేగం దాటించారు. అంటే 240 కిలోమీటర్లపైనే! ఆ క్యామ్‌కు ఆయన పేరే ఖాయమైంది.

1957 కార్వెట్ లెక్కలు చూస్తే క్యామ్ చేసే గారడీ చిటికెలో అర్థమవుతుంది. ఇంజన్ అదే, 283 ఘనపుటంగుళాలు, అంటే సుమారు 4.6 లీటర్లు. కార్బొరేటర్లు రెంటికీ రెండేసి. మామూలు క్యామ్ వేసిన రకం 5,000 ఆర్‌పీఎం దగ్గర 245 హార్స్ పవర్ ఇచ్చింది. డంటోవ్ క్యామ్ వేసిన రకం 6,000 ఆర్‌పీఎం దగ్గర 270 ఇచ్చింది. ఇరవై అయిదు గుర్రాలు ఎక్కువ!

మరి పుల్లింగ్? కథ అక్కడే తిరగబడింది. ఇంజన్ మెలితిప్పే బలాన్ని టార్క్ అంటారు. గుట్ట ఎక్కించేది అదే. మామూలు క్యామ్ రకంలో టార్క్ 300 పౌండ్-అడుగులు, అదీ 3,800 ఆర్‌పీఎం దగ్గరే. డంటోవ్ క్యామ్ రకంలో 285కు తగ్గింది. ఆ 285 అందుకోవడానికి కూడా ఇంజన్‌ను 4,200 దాకా తిప్పాలి. గుర్రాలు పెరిగాయి, లాగుడు తగ్గింది. సముద్రం ఒడ్డున చదునైన ఇసుకమీద రికార్డు కొట్టిన క్యామ్, బరువుతో ఎక్కుడు ఎక్కాల్సి వస్తే తన అన్న ముందు తలవంచాల్సిందే.

బోధన్ బండికి ఏ క్యామ్?

ఈ లెక్కను నిజామాబాద్‌కు పడమటి వైపు తీసుకెళ్తే ఇంకో లోకం. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక, దాని కాలవల కింద బోధన్ చుట్టూ చెరకు విరగపండింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీ చుట్టూ వెలసిన ఊరికి శక్కర్‌నగర్ అని పేరు. ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవారు. క్రషింగ్ సీజన్‌లో చెరకు బళ్లు, ట్రాక్టర్లు, లారీలు బారులు తీరేవి.

ఆ బారులో ఏ ఇంజన్‌కూ 6,000 ఆర్‌పీఎం అవసరం లేదు. ట్రాక్టరు ఇంజన్ 2,000 చుట్ల దగ్గరే తన పనంతా చేస్తుంది. దాని క్యామ్ కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. వాల్వులు త్వరగా మూసుకుంటాయి, తక్కువ వేగంలోనే సిలిండర్ కడుపునిండా గాలి తీసుకుంటుంది. బురదలోంచి చెరకు ట్రాలీని కదిలించే మొదటి ఊపు అక్కడి నుంచే వస్తుంది. ఇదే ట్రాక్టరుకు రేసు క్యామ్ వేస్తే బురదలో ముక్కుతూ మూలుగుతూ నిలబడిపోతుంది.

పొలాల దగ్గర ఇంకా నెమ్మదైన ఇంజన్లుండేవి. బావిమీద నీళ్లు తోడటానికీ, గానుగ ఆడించడానికీ ఆయిల్ ఇంజన్లు. పాత లిస్టర్ రకానివి నిమిషానికి 650 చుట్లు తిరిగేవి. వాల్వు సెకనుకు అయిదుసార్లు తెరుచుకుంటే గొప్ప. ‘టుక్... టుక్... టుక్...’ మైలు దూరం వినిపించే ఆ చప్పుడును బట్టే ఎవరి బావి పారుతోందో ఊళ్లోవాళ్లు చెప్పేసేవారు. హ్యాండిల్ తిప్పేటప్పుడు ఓ చిన్న లివర్ ఎత్తి వాల్వును తెరిచే ఉంచేవారు. లోపలి గాలి అడ్డుపడకుండా చక్రం జోరందుకున్నాక లివర్ వదిలితే ఇంజన్ ఖంగున అందుకునేది. క్యామ్ చేసే పనిని రైతు తన చేత్తో కాసేపు ఆపి ఉంచడమే అది. పేరు తెలియకపోయినా వాల్వు టైమింగ్ గుట్టు ఆ చేతికి తెలుసు.

ఇప్పుడు ఆ చప్పుళ్లు చాలావరకు సద్దుమణిగాయి. బావుల మీదికి కరెంటు మోటార్లు వచ్చాయి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలయ్యాక ఆయిల్ ఇంజన్ పశువుల కొట్టం మూలకు చేరింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మూతపడింది. అంతకు ఏడాది ముందే, 2014 మే నెలలో, అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఇంజన్లు పోతే పోయాయి, వాటిని చెవితో చదివే విద్య ఏమవుతుందన్నదే అసలు బెంగ.

అర మిల్లీమీటరు చాలు

ఎందుకంటే పాత ఇంజన్‌కు క్యామ్ జబ్బు ఓ పట్టాన బయటపడదు. లోబ్ ముక్కు కొద్దికొద్దిగా అరుగుతుంది. షెవర్లే స్మాల్ బ్లాక్‌లో రాకర్ ఆ కదలికను ఒకటిన్నర రెట్లు చేస్తుంది. అంటే లోబ్ అర మిల్లీమీటరు అరిగితే వాల్వు ముప్పావు మిల్లీమీటరు తక్కువ లేస్తుంది. ఎనిమిది సిలిండర్లలో ఒకదానికి ఇలా అయితే బండి ఆగదు, నడుస్తూనే ఉంటుంది. కాకపోతే ఎక్కడో నీరసం. నాలుగు సిలిండర్ల జీపులో ఆ నీరసం గుట్ట దగ్గర బయటపడుతుంది.

అరగడానికి కారణాలు చాలావరకు చిన్నవే. ఆయిల్ సరిగ్గా అందకపోవడం ఒకటి. టాపెట్ గ్యాప్ తప్పడం మరొకటి. పాత అంబాసిడర్‌లో ఆ గ్యాప్ 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. గ్యాప్ ఎక్కువైతే టకటకమని కొట్టుకుంటుంది, వాల్వు తక్కువసేపు తెరుచుకుంటుంది. తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. చప్పుడు చేసే టాపెట్ కన్నా చప్పుడు చేయని టాపెటే ప్రమాదం అని ఉస్తాద్‌లు శిష్యులకు చెప్పే మాటలో అర్థం ఇదే.

ఇంకో కారణం ఈ కాలానిది. పాత ఇంజన్లలో టాపెట్ అడుగుభాగం లోబ్ మీద నేరుగా రాపిడి పడుతూ జారుతుంది. ఆ రాపిడిని తట్టుకోవడానికి పాతకాలం ఆయిళ్లలో జింకు, ఫాస్ఫరస్ కలిసిన పదార్థం ఎక్కువగా ఉండేది. కొత్త కార్ల సైలెన్సర్లలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్లకు అది పడదు. అందుకే కొత్త పెట్రోలు కార్ల ఆయిళ్లలో దాన్ని తగ్గించారు. ఖరీదైన కొత్త ఆయిల్ కదా అని పాత బండిలో పోస్తే, ప్రేమతోనే క్యామ్‌ను అరగదీసినట్టు! పాత ఇంజన్ల కోసం జింకుతో తయారయ్యే ఆయిళ్లు దొరుకుతాయి. అడిగి తీసుకోవాలి.

కొత్త క్యామ్ వేసినప్పుడు మొదటి అరగంట మరీ కీలకం. స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదిలేస్తే ఆయిల్ సరిగ్గా చిమ్మదు. 20 నుంచి 30 నిమిషాలు 2,000 ఆర్‌పీఎంకు పైన నడపాలి. లోబ్, టాపెట్ ఒకదానికొకటి అలవాటు పడేది అప్పుడే. ఆ అరగంట ఓపిక లేక పాడైన వి8 క్యామ్‌లు గల్ఫ్ గ్యారేజీల్లోనూ, అమెరికా గ్యారేజీల్లోనూ లెక్కలేనన్ని. ‘కొత్త కోడలు, అత్త మొదటి రోజే పొత్తు కుదుర్చుకోవాలె’ అనిపించే సామ్యం అది.

వాకిట్లో పాత బండి ఉంటే...

ఈమధ్య కార్లు కొన్నవాళ్లకు ఈ తలనొప్పులు లేవు. బండి వెనకాల ‘వీవీటీ’ అనే అక్షరాలు చూసే ఉంటారు. నడుస్తుండగానే వేగాన్ని బట్టి వాల్వుల టైమింగ్ మార్చే ఏర్పాటది. హోండా 1989లోనే వీటెక్ పేరుతో రెండు రకాల లోబ్‌లను ఒకే ఇంజన్‌లో పెట్టింది. నెమ్మదిగా వెళ్తే ఒకటి, వేగంగా వెళ్తే మరొకటి. జాతర రోజు కండక్టరూ మామూలు రోజు కండక్టరూ ఒకే బస్సులో డ్యూటీ చేస్తున్నట్టు. డంటోవ్ రోజుల్లో ఇటో అటో తేల్చుకోవాల్సిన సంగతి, ఇప్పుడు కంప్యూటర్ చూసుకుంటోంది.

కానీ తాత కొన్న అంబాసిడరో, నాన్న నడిపిన జీపో వాకిట్లో ఉంటే దాన్ని కంప్యూటర్ చూసుకోదు. మనిషే చూసుకోవాలి. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన, అసలు రూపం చెడని కార్లనూ ద్విచక్ర వాహనాలనూ వింటేజ్ వాహనాలుగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది. తర్వాత పొడిగింపునకు 5 వేలు. రోజూ తిరగడానికి, కిరాయికి పనికిరాదు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీసుకెళ్లొచ్చు. ఇంజన్‌లో మార్పులు చేసిన బండికి మాత్రం ఆ హోదా దక్కదు. ‘ఈ పాత ఇంజన్ తీసేసి డీజిల్ది పెట్టించేద్దాం’ అనుకునేముందు ఆ మాట గుర్తుంచుకోవాలి. అరిగిన క్యామ్‌ను అదే కొలతకు బాగుచేయించుకుంటే బండి తన రూపంతో తాను బతుకుతుంది.

అందుకు అదే కొలత తెలిసిన మనిషి కావాలి. షార్జాలో ఎనిమిది సిలిండర్లను చెవితో విని, నిజామాబాద్ వచ్చి నాలుగు సిలిండర్ల జీపు కింద పడుకునే ఉస్తాద్‌కు వయసు మీదపడుతోంది. పక్కన నిలబడే కుర్రాడు ల్యాప్‌టాప్ పెట్టి లోపం చెప్పగలడు, అది ఈ కాలపు విద్య. ల్యాప్‌టాప్ తగిలించడానికి వైరే లేని ఇంజన్ ముందు మాత్రం ఉస్తాద్ స్క్రూడ్రైవర్ తప్ప వేరే దారి లేదు. ఆ స్క్రూడ్రైవర్‌ను ఒకసారి కుర్రాడి చెవికి కూడా ఆనిస్తే చాలు. విద్య అలాగే చేతులు మారుతుంది.

సాయంత్రం సిరికొండ వైపు వెళ్లే రోడ్డుమీద, ఎక్కుడు మొదట్లో, ఓ పాత జీపు. వెనకాల బస్తాలు, బస్తాల మీద మనుషులు. డ్రైవర్ రెండో గేరులోకి మారుస్తాడు. ఇంజన్ ఒక్క క్షణం బరువుగా ఊపిరి పీలుస్తుంది. తూములు సమయానికి తెరుచుకుంటాయి, సమయానికి మూసుకుంటాయి. వెనక ఉన్నవాళ్లు మాటల్లో ఉంటారు. జీపు గుట్ట ఎక్కేస్తుంది. నీరడి సరిగ్గా పనిచేసిన రోజు ఊళ్లో ఎవరూ అతని పేరెత్తరు కదా!